కిందికి దించిన సెడాన్‌కు ఆఫ్‌సెట్ 35 చక్రాలు పడతాయా?

నా స్పోర్ట్స్ సెడాన్‌కు పొట్టి స్ప్రింగులు వేయించి 30 మిల్లీమీటర్లు దించాను. కారుతో వచ్చిన చక్రాలు 18 అంగుళాలవి, వెడల్పు 8 అంగుళాలు, ఆఫ్‌సెట్ (చక్రం మధ్యరేఖ నుంచి దాన్ని బిగించే తలానికి దూరం, మిల్లీమీటర్లలో; ఇది తగ్గితే చక్రం బయటికి వస్తుంది) 45, టైర్లు 225/45 (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం). మనసు పడ్డ అల్లాయ్ చక్రాలూ 18 అంగుళాలవే, కానీ వెడల్పు 8.5, ఆఫ్‌సెట్ 35. బోల్టుల అమరిక సరిపోయింది.

లెక్క ప్రకారం బయటి అంచు సుమారు 16 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. లోపలి అంచు సస్పెన్షన్‌కు దాదాపు 4 మిల్లీమీటర్లు దూరమవుతుంది కాబట్టి అటువైపు బెంగ లేదు. భయమంతా వెనక ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) గురించే. నిన్న వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి చూశాను. టైరు భుజానికీ ఫెండర్ లోపలి మడతకూ మధ్య చిటికెన వేలు మాత్రమే పట్టింది, అదీ పాత చక్రాలతో! గతుకుల్లో ఇంకెంత దగ్గరవుతుందో.

టైర్లు 245/40 వేద్దామనుకున్నాను. వ్యాసం ఆరున్నర మిల్లీమీటర్లే తగ్గుతుంది, స్పీడోమీటర్‌కు పెద్ద తేడా రాదు. కానీ వాటి వెడల్పు ఇక్కడ పడుతుందా, లేక 235/40తో సరిపెట్టుకోవాలా? వెనక క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) కొంచెం పెంచితే చాలా? మడత వంచితే రంగు పగులుతుందేమోనని ఆ పని చేయించడానికి మనసొప్పడం లేదు. ఇలా దించిన కారుకు ఇవే కొలతలు వేసినవారు దయచేసి చెప్పండి: ఆఫ్‌సెట్ 45 దగ్గరే వెతుక్కోవడం మంచిదా?