మాల్దీవుల్లో చిన్న దీవిలో టీచర్ పోస్టు వచ్చింది, పోవచ్చా? మన నెల్లూరు, ప్రకాశం వాళ్ళు ఎవరన్నా పనిచేసొచ్చారా

కావలి_లెక్కల_టీచర్:

అందరికీ నమస్తే. మాది ఉలవపాడు దగ్గర పల్లె, ఇప్పుడు కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది క్లాసులకి లెక్కలు చెప్తన్నా. వయసు 29, ఎమ్మెస్సీ బీఈడీ. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అన్నారు కదా, ఈసారి కొట్టేస్తా అనుకున్నా, కొద్దిలో పోయింది, ఆ బాధ ఇప్పుడెందుకులెండి.

సంగతేందంటే ఒక ఏజెంట్ ద్వారా మాల్దీవుల్లో పోస్టు వచ్చింది. హా ధాలు అటోల్ అంట, అటోల్ అంటే దీవుల గుంపు, ఉత్తరం పక్క, దీవి పేరు నాకింకా నోరు తిరగలా. జీతం 13 వేల రుఫియా (వాళ్ళ డబ్బు), రూము వాళ్ళే ఇస్తారంట. డాలర్‌కి 15.42 రుఫియా అని నెట్‌లో ఉంది, ఆ లెక్కన 843 డాలర్లు, ఈడ నాకొచ్చే 18 వేలకి నాలుగింతలు. ఏజెంట్ ఫోటోలు కూడా పంపించాడు, నీళ్ళ మీద కొయ్య ఇళ్ళు, కిందకి చూస్తే చేపలు కనపడతా ఉన్నాయి, మా తమ్ముడు చూసి అక్కా నువ్వు పాఠాలు చెప్పేదానికి పోతన్నావా హనీమూన్‌కి పోతన్నావా అని ఒకటే నవ్వు. అమ్మ మాత్రం మూడు రోజుల్నించి సరిగ్గా అన్నం తినటంలా. నాన్న లేరు, ఇంట్లో అమ్మ, తమ్ముడే.

ఆడపిల్ల ఒక్కతే ఉండొచ్చా, తిండి సంగతేంది, జీతం నిజంగా ఇంటికి పంపించగలమా, ఏజెంటేమో లక్షా ఎనభై వేలు అడగతన్నాడు అది కరెక్టేనా. నాకు మామూలుగానే గోల పడదు, మా స్కూల్లో 60 మందితో క్లాసు అయ్యేసరికి తల పగిలిపోద్ది, అందుకే నిశ్శబ్దంగా ఉండే చోటు అనంగానే మనసు అటే లాగతా ఉంది. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

మూలాపేట_అక్క:

అమ్మాయ్, నేను అదే అటోల్‌లో నాలుగేళ్ళు చేసొచ్చినా, సైన్స్. కాస్త పెద్దగా రాస్తా, తీరిగ్గా చదువుకో.

ముందు ఆ ఫోటోలు డిలీట్ చెయ్. అవి రిసార్టులవి. రిసార్టు దీవి వేరు, జనాలుండే దీవి వేరు. దేశం మొత్తంలో 1,190 దాకా దీవులుంటే ఊళ్ళుండేది 200 లోపే. నువ్వు పొయ్యేది ఊరుండే దీవికి. ఆడ నీళ్ళ మీద ఇల్లేమీ ఉండదు, మామూలు సిమెంటు ఇళ్ళు, పాతవైతే పగడపు రాయి గోడలు, ఇసక వీధులు. తెల్లారంగానే ఆడోళ్ళు ఈనెల చీపుర్లతో వీధి ఊడస్తా కనపడితే మన పల్లే అనుకుంటావు. సముద్రం మాత్రం ఫోటోలో ఉండేట్టే ఉంటది, అందులో అబద్ధం లేదు. మైపాడులో చూసిన సముద్రం కళ్ళల్లో పెట్టుకుని పోతే మొదటి రోజు నోట మాట రాదు. మా దీవి ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే ఇరవై నిమిషాలు. రెండు నెలలు ప్రతి సాయంత్రం పొయ్యి కూర్చున్నా. మూడో నెల నుంచి బట్టలుతుక్కోను, పేపర్లు దిద్దుకోను, ఇంక దాని మొహం చూసిందెవరు.

జీతం తర్వాత, ముందు పడవ సంగతి అడుగు. మీ దీవి నుంచి హనిమాధూ ఎయిర్‌పోర్టుకి గానీ, ఆ అటోల్‌లో పెద్ద ఊరు కుళుధుఫ్ఫుషికి గానీ వారానికి ఎన్నిసార్లు ఫెర్రీ, స్పీడ్ బోటైతే ఎంత తీసుకుంటారు, అర్ధరాత్రి ఒంట్లో బాగలేకపోతే ఎవరు తీసకపోతారు. దీవిలో హెల్త్ సెంటర్ ఉంటది, జరానికి, కట్టు కట్టేదానికి సరిపోద్ది. అంతకన్నా పెద్దదైతే కుళుధుఫ్ఫుషి ఆస్పత్రి, ఇంకా పెద్దదైతే రాజధాని మాలే. మే నుంచి నవంబరు దాకా నైరుతి గాలి, సముద్రం లేచిందంటే పడవలు ఆపేస్తారు. అప్పుడు నువ్వే కాదు, కూరగాయలు కూడా రావు. అక్కడ పండేది కొబ్బరి, ఏదో రవంత ఆకుకూర, మిగతాదంతా మాలే నుంచి పడవలో రావాల్సిందే. ఒకసారి తొమ్మిది రోజులు ఎర్రగడ్డ లేకుండా వండుకున్నా, నెల్లూరుదాన్ని నేను, ఎర్రగడ్డ లేకుండా పులుసు! డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మాత్రం సముద్రం అద్దం మాదిరి ఉంటది.

బడి బాగుంటది. నా పదో క్లాసులో 11 మంది, అవును పదకొండే. ఇంగ్లీష్ మీడియం, కేంబ్రిడ్జి పరీక్షలు, మన మాదిరి ర్యాంకుల ఫ్లెక్సీలు ఉండవు. లెసన్ ప్లాన్లు, మీటింగులు మాత్రం ఎక్కువ, రాత చాకిరీ లేదనుకుని పోవద్దు. ధివేహి అంటే వాళ్ళ భాష, అదీ ఇస్లామూ వాళ్ళ టీచర్లే చెప్తారు. వాళ్ళ లిపి పేరు తానా, కుడి నుంచి ఎడమకి రాస్తారు, 24 అక్షరాలు, అచ్చుల కోసం పైన, కింద గుర్తులు పెడతారు, మన గుణింతం మాదిరే అనుకో. పిల్లోళ్ళ దగ్గరే నేర్చుకున్నా. ‘హాలు కిహినే’ అంటే ఎట్టుండావు అని, ‘బరాబరు’ అని చెప్పాల. అది మొదటిసారి వినంగానే నవ్వాగలేదు నాకు, మన బరాబరు ఆడికెట్టా పొయ్యిందో.

ఒంటరిగా ఉండేదానికి భయం లేదు, రాత్రి పదింటికి కూడా ఒక్కదాన్నే నడిచొచ్చేదాన్ని. అయితే అందరికీ అందరూ తెలుసు, కొట్లో పొద్దున ఏం కొన్నావో సాయంత్రానికి స్టాఫ్‌రూమ్‌లో తెలిసిపోద్ది. పద్ధతైన బట్టలు పెట్టుకో. ముస్లిం దేశం, పూజకి విగ్రహాలు తీసకపోవద్దు, కస్టమ్స్‌లో ఆపేస్తారు. రంజాన్ నెలలో పగలు బయట తినేది తాగేది ఉండదు. సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం బడికి పోతా ఉంటే మా అమ్మ ప్రతి వారం ఫోన్ చేసి ఈరోజు కూడానా అని అడిగేది, నాలుగేళ్ళూ అడిగింది.

దగదర్తి_అబ్బాయి:

ఏజెంట్ గురించి చెప్తా. లక్షా ఎనభై వేలు ఏందక్కా, అన్యాయం. మన గవర్నమెంట్ రూలు ప్రకారం లైసెన్స్ ఉండే ఏజెంట్ 30,000, దానిమీద జీఎస్టీ, అంతకుమించి సర్వీస్ ఛార్జ్ తీసుకునేదానికి లేదు. విదేశీ ఉద్యోగాలకి గవర్నమెంట్ పెట్టిన ఈమైగ్రేట్ సైట్‌లోకి పొయ్యి అతని లైసెన్స్ ఉందా లేదా, నడస్తా ఉందా క్యాన్సిల్ అయ్యిందా చూడు. మా బావమరిది ఇట్టాగే ఒకడికి కట్టేశాడు, గల్ఫ్‌కి, రసీదు కూడా లేదు, ఇప్పటికీ ఆ ఫోన్ మోగతా ఉంటది ఎవరూ ఎత్తరు.

ఇంకోటి, 843 డాలర్లు అని లెక్క వేసుకున్నావు కదా, జీతం ఇచ్చేది రుఫియాలో, ఆడ డాలర్లకి కరువు. బ్యాంకులు నెలకి ఇంత మాత్రమే బయటికి పంపాలని లిమిట్ పెడతా ఉంటాయి, అది కూడా మారతా ఉంటది. బయట కొంటే డాలర్‌కి 15.42 కంటే ఎక్కువ పెట్టాల, అది చట్టబద్ధం కూడా కాదు. కాబట్టి నాలుగింతలు అని అమ్మకి చెప్పబాకు. ఇప్పుడు లిమిట్ ఎంత నడస్తా ఉందో ఆడ పనిచేస్తా ఉండే మనోళ్ళని అడిగి, దాన్ని బట్టి ఇంటికి ఎంత వస్తదో లెక్క వేసుకో. ఊళ్ళో అప్పు ఏమన్నా ఉంటే మరీ జాగ్రత్త, వడ్డీ ఆగదు కదా.

కొత్తపట్నం_రిటర్న్:

నేను 11 నెలలకే వచ్చేశా, కాంట్రాక్టు మధ్యలో, టికెట్ నా డబ్బుతోనే. జనాలు మంచోళ్ళు, స్కూలు వాళ్ళు కూడా నన్నేమీ అనలేదు, తేడా నాలోనే ఉంది.

గోల పడదు అన్నారు కదండీ, నేను కూడా సేమ్ ఇట్టాగే అనుకుని పోయినా. మాది సముద్రం పక్క ఊరే, నాకేం కొత్త అనుకున్నా. ఆ దేశంలో కుక్కల్ని పెంచేదానికి లేదు, నిషేధం, మీకు తెలుసో తెలీదో. రాత్రి పదకొండుకి పడుకుంటే కుక్క అరుపు లేదు, లారీ హారన్ లేదు, రైలు కూత లేదు, గుడి మైకు లేదు, దూరంగా పవర్‌హౌస్ జనరేటర్ మోత ఒకటే, అదే మోత రాత్రంతా. మొదటి నెల హాయిగా నిద్రపోయినా. ఐదో నెలకి ఆ మోత వింటా ఎప్పుడు తెల్లారతదా అని కూర్చునేవాణ్ణి. యూట్యూబ్‌లో ఒంగోలు బస్టాండు వీడియోలు పెట్టుకుని వినేవాణ్ణి అంటే నమ్ముతారా, మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుద్ది.

ఇంకోటి, ఎత్తు ఉండదు. ఆ దేశం మొత్తంలో సహజంగా ఉండే ఎత్తైన చోటే కొద్ది మీటర్లు, అది కూడా మన దీవిలో ఉండదు. ఎక్కేదానికి ఒక గుట్ట కూడా లేకపోతే మనిషికి ఎట్టా ఉంటదో పోయేదాకా నాకు తెలీదు. ఒకసారి సెలవల్లో వచ్చినప్పుడు నరసింహకొండ ఎక్కి పెన్న వైపు చూస్తా గంట కూర్చున్నా.

తిండి అంటారా, పొద్దున మస్ హుని, అంటే ట్యూనా, కొబ్బరి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ కలిపి రొట్టెతో తినేది, బాగుంటది నిజంగా. మధ్యాహ్నం ట్యూనా, రాత్రి ట్యూనా. మనోళ్ళు సూర చేప అంటారే అదే. తాజాదనంలో తిరుగులేదు, గాలంతోనే పడతారు, ట్యూనాకి వల వెయ్యరు. కానీ దాంతో పులుసు పెడితే ముక్క పీచు పీచుగా ఉంటది, కొరమీను, బొమ్మిడాయిలు తిన్న నోటికి ఎక్కదు. మామిడికాయ కూడా దొరకదు ఎప్పుడంటే అప్పుడు.

పోవద్దని చెప్పను, ఏడాది కాంట్రాక్టు అయితేనే సంతకం పెట్టండి, రెండేళ్ళది వద్దు.

మూలాపేట_అక్క:

కొత్తపట్నం తమ్ముడు చెప్పింది నిజమే, కాదనను. ఒక్కటే అడగతా, సాయంత్రాలు రూమ్‌లో ఉన్నావా బయట కూర్చున్నావా? ప్రతి దీవిలో రేవు దగ్గర జోలి అని ఉంటాయి, ఇనప చట్రానికి వల కట్టి వేలాడదీసిన కుర్చీలు, మన రచ్చబండ అనుకో. ఊరంతా ఆడే కూర్చుంటది. నేను మొదటి ఆరు నెలలు సిగ్గుపడి పోలా, ఆ ఆరు నెలలు నేను కూడా ఏడ్చినా. తర్వాత ఒక పిల్లోడి వాళ్ళ అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కపోయి కూర్చోబెట్టింది, ఆమెకి ఇంగ్లీష్ రాదు, నాకు ధివేహి అంతంత మాత్రం, తమలపాకు, వక్క పెట్టింది, నమిలినా, అంతే. ఇప్పటికీ వాట్సాప్‌లో ఫోటోలు పంపిస్తది.

ఇరకం_మాస్టారు:

అమ్మా, నేను విదేశాలకి పోయినవాణ్ణి కాదు, రిటైరైన టీచర్ని. పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఉంది కదా, తడ పక్క, అప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ బళ్ళో పనిచేశాను. భీమునివారిపాళెం రేవులో పడవ ఎక్కాలి. మొదటి ఏడాది తడలో ఉండి రోజూ పోయి వచ్చేవాణ్ణి, నా చెవులు పాఠం మీద కాదు, పడవ మీద ఉండేవి. ఒక అక్టోబరులో గాలీవాన పట్టుకుని రెండు రాత్రులు అక్కడే ఉండాల్సి వచ్చింది, ఒక జాలరి ఇంట్లో పడుకున్నా. ఆ ఇంటి పిల్లవాడు బళ్ళో నోరే తెరిచేవాడు కాదు, ఆ రాత్రి వాడు వల కొలతలు, చేపల రేట్లు నోటికి లెక్క కట్టి చెప్తుంటే నేను నోరు తెరుచుకుని విన్నా. తర్వాత ఏడాది దీవిలోనే ఒక గది తీసుకున్నా. ఎదురుగా శ్రీహరికోట షార్‌లో రాకెట్ లేస్తే పాఠం ఆపి పిల్లలూ నేనూ ఒడ్డుకి పరిగెత్తేవాళ్ళం.

నువ్వు లెక్కల టీచర్‌వి. గాలం, పడవ, కొబ్బరి లెక్కలతో మొదలుపెట్టు. తర్వాత వాళ్ళే నీకు దారి చూపిస్తారు. అమ్మగారికి మాత్రం రోజూ ఒకే టైముకి ఫోన్ చెయ్యి, టైము మారిస్తే ఆమె కంగారు పడతది.

కావలి_లెక్కల_టీచర్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత మంది రాస్తారనుకోలా. అప్‌డేట్ ఏందంటే, ఏజెంట్‌కి ఫోన్ చేసి లైసెన్స్ నంబర్ అడిగినా, మేడం మీకు నమ్మకం లేకపోతే వదిలేయండి అని పెట్టేశాడు. వదిలేసినా. స్కూలు మెయిల్ ఐడీ సంపాదించి నేరుగా రాసినా, జవాబు వచ్చింది, మంగళవారం వీడియో ఇంటర్వ్యూ. ఫెర్రీ గురించి అడిగితే టైమ్‌టేబుల్ ఫోటో తీసి పంపించారు, వారానికి నాలుగు రోజులు, శుక్రవారం లేదు. కాంట్రాక్టు ఏడాదికే అడగతా.

అమ్మకి కొత్తపట్నం అన్న రాసిందంతా చదివి వినిపించినా, భయపడతదేమో అనుకుంటానే. అంతా విని, కుక్కలు లేవా అసలు, అని రెండుసార్లు అడిగింది. పోయినేడు మా వీధిలో కుక్క కరిచి అయిదు ఇంజెక్షన్లు వేయించుకుంది లెండి. రాత్రి మాత్రం అన్నం తినింది.

అక్కా, చింతపండు ఎంత తీసకపోవచ్చు?

మూలాపేట_అక్క:

రెండు కేజీలు, గింజ తీసి, బాగా ఎండబెట్టి. గోంగూర పచ్చడి డబ్బా మూతకి టేపు వెయ్, నాది సూట్‌కేసులో కారి తెల్ల చీరలన్నీ పోయినాయి.