చెక్కు చూపించి ఖర్చు దాచితే అది అబద్ధమవుతుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మా అక్క కొడుకు ఒక నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీలో (సరుకు అమ్ముతూ, తమ కింద ఇంకొందరిని చేర్చుకుని, వాళ్ల కొనుగోళ్ల మీద కూడా కమీషను తీసుకునే పద్ధతి) చేరి రెండేళ్లయింది. పోయిన నెల అతడు బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, దాని కింద "ఈ నెల 22,600. ఇక ఉద్యోగం కోసం ఎవరి గుమ్మమూ ఎక్కనక్కరలేదు" అని రాశాడు. ఆ అంకె నిజమే, ఆ డబ్బు అతడి ఖాతాలో పడింది. అయితే అతడికి అప్పుడప్పుడూ అప్పిచ్చేది నేనే కనుక, అతడి లెక్కల పుస్తకం మా ఇంట్లో కుట్టుమిషను సొరుగులోనే ఉంటుంది కనుక, మిగతా అంకెలు కూడా నాకు తెలుసు. కంపెనీలో తన స్థాయి జారిపోకుండా సొంత పేరు మీద కొన్న సరుకు 11,400. శ్రీకాకుళంలో మీటింగు టిక్కెట్టుకు, బసకు 3,500. పెట్రోలుకు 2,800. కింద చేరినవాళ్లకు ఇచ్చిన బహుమతులకు 1,500. పోగా మిగిలింది 3,400. కొన్న సరుకులో సగం ఇంకా వాళ్ల అటక మీదే ఉంది.

ఆ స్టేటస్ చూసి మా వీధిలో ఇద్దరు కుర్రాళ్లు చేరారు. వారిలో ఒకరి తల్లి వచ్చి "అమ్మా, నిజంగా అంత వస్తుందా?" అని అడిగితే నోరు పెగల్లేదు. అక్క కొడుకు అబద్ధమాడాడని అనలేను, నిజం చెప్పాడని కూడా అనలేను. పెద్దలు ఏమంటారో తెలుసుకుందామని ఇక్కడ రాస్తున్నాను.

రాయగడ డిస్ట్రిబ్యూటర్:

నేను ఆరేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కనుక అవతలి పక్షం నేనే చెప్పాలి. బట్టల కొట్టువాడు పండగ ముందురోజు కొట్టు నిండా జనం ఉన్న ఫొటో పెడతాడు గానీ బాకీల పుస్తకం ఫొటో పెట్టడు. కోచింగ్ సెంటరు ర్యాంకు వచ్చిన నలుగురి ముఖాలనే ఫ్లెక్సీ మీద వేస్తుంది, తప్పినవారి పేర్లు వేయదు. వాళ్లనెవరూ అబద్ధాలకోరులు అనరు. మేము ఒక నెల రాబడి చూపిస్తే మాత్రం మోసగాళ్లమా? ఒడిశాలోని ఈ జిల్లాలో తెలుగు మీడియంలో చదివి, ఒడియా రాయడం అంతంతమాత్రంగా వచ్చిన కుర్రాడికి ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా భాష అడ్డొస్తుంది. అలాంటివాడిని మంచం మీద నుంచి లేపాలంటే కాస్త ఆశ చూపించక తప్పదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను అబద్ధాలాడమనడం లేదు, ఉత్సాహాన్ని నేరంగా చూడవద్దంటున్నాను. నా దగ్గర 40 ఇళ్లవారు ప్రతి నెలా సబ్బులు, బట్టల పొడి కొంటున్నారు.

గుణుపురం మాస్టారు:

ఆ సామెత ఇక్కడ అతకదండీ. అబద్ధాలతో కుదిరిన పెళ్లిలో మోసపోయిన పిల్ల, తన కష్టం తీరడానికి మళ్లీ పది పెళ్లిళ్లు కుదర్చనక్కరలేదు. ఈ వ్యాపారంలో చేరినవాడు మాత్రం తాను పెట్టినది రాబట్టుకోవాలంటే తనకు చెప్పిన మాటనే ఇంకొకరికి చెప్పాలి, వాళ్లు మరొకరికి చెప్పాలి. కనుక మొదటి మాటలో చిన్న దాపరికం ఉన్నా అది అక్కడితో ఆగదు.

బట్టల కొట్టు పోలిక కూడా చూద్దాం. కొట్టువాడు అమ్మేది చీర. జనం ఫొటో చూసి వెళ్లినా, కొనే మనిషి చీర మడత విప్పి చూసుకుంటుంది. మహేంద్రతనయ గారి అక్క కొడుకు స్టేటస్‌లో అమ్మింది సబ్బు కాదు, తన సంపాదన. సరుకే సంపాదన అయినప్పుడు అందులోంచి ఖర్చును దాచడమంటే మడతలోని చిరుగును దాచడమే. 22,600 అనేది నిజమైన అంకె అయినా, దానిని చదివినవాడి మనసులో ఏర్పడిన అర్థం తప్పు, ఆ తప్పు అర్థం కోసమే అది పెట్టారు. (కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద నాకూ కోపమే ఉంది, ఆ సంగతి మరోసారి.)

ఇక లెక్క. "నువ్వు ఆరుగురిని చేర్చు, వాళ్లు ఆరుగురేసి చేరుస్తారు" అని బోర్డు మీద గీస్తారు కదా. 6, 36, 216, 1,296, 7,776, ఆరో వరసకు 46,656. 2011 జనాభా లెక్కల ప్రకారం పర్లాకిమిడి పట్టణంలో ఉన్నవారు 46 వేల పైచిలుకు. అంటే ఊయలలోని పసిపిల్లలతో సహా పట్టణమంతా ఒక్క ఆరో వరసకే చాలాలి. ఎనిమిదో వరస 16 లక్షలు దాటుతుంది, గజపతి జిల్లా మొత్తం జనం ఆరు లక్షలు లేరు. బోర్డు మీద గీసే మనిషికి ఈ గుణకారం రాదని నేననుకోను.

చట్టం సంగతి కొద్దిగా. మనుషులను చేర్చినందుకే డబ్బు చేతులు మారే పథకాలను 1978 చట్టం నిషేధించింది. ఆమ్‌వే అనే నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ పథకం ఆ చట్టం కిందికే వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (కొట్టు లేకుండా మనుషుల ద్వారా నేరుగా అమ్మడం) నియమాలు పిరమిడ్ పథకాలను, అంటే కొత్తగా చేరేవాళ్ల డబ్బుతోనే పైవాళ్లకు చెల్లించేవాటిని, నిషేధించాయి. చేరే రుసుము వసూలు చేయకూడదనీ, చేరినవారు జరిమానా లేకుండా ఒప్పందం విరమించుకోవడానికి కొంత గడువు ఇవ్వాలనీ, కంపెనీ ఒప్పుకున్న మాటలకు భిన్నంగా అమ్మకందారు ఏమీ చెప్పకూడదనీ వాటిలో ఉంది. సరుకు అమ్మి కమీషను తీసుకోవడం నేరం కాదు, ఆ మేరకు డిస్ట్రిబ్యూటరు గారి వృత్తిని నేను తప్పుపట్టడం లేదు.

బరంపురం వాసి:

కారు పక్కన నిలబడి "నా కల నెరవేరింది" అని పెట్టే ఫొటోల్లో ముందుగా నంబరు పలక చూడండి. మొన్న నాకు వచ్చిన ఫొటోలో పలక పసుపురంగులో ఉంది. టాక్సీవాడి కల నెరవేరినట్టుంది.

కాశీనగర్ కోడలు:

నేను చేరి, ఏడాదిన్నర చేసి, మానేశాను. మా మంచం కింద ప్రోటీన్ పొడి డబ్బాలు ఇంకా తొమ్మిది ఉన్నాయి, గడువు తేదీ మార్చిలోనే దాటిపోయింది. డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. ఆ పొడి తాగితే షుగరు తగ్గుతుందని చెప్పమని మా అప్‌లైన్ అక్క (నాకు పైన ఉన్న సభ్యురాలు) నేర్పింది, డబ్బా మీద మాత్రం ఆ మాట ఎక్కడా లేదు. నేను నమ్మి, ఫేస్‌బుక్‌లో రాసి, పక్కింటి పిన్నిగారికి కూడా చెప్పాను. ఆవిడ మాత్రలు మానేసి వారం రోజులు పొడి తాగింది. కళ్లు తిరిగి పెరట్లో పడిపోతే పర్లాకిమిడి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. కోలుకుంది, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే ఇప్పటికీ వాళ్ల గుమ్మం ముందు నుంచి వెళ్లకుండా చుట్టు తిరిగి కుళాయికి వెళుతున్నాను. నేను అబద్ధమాడాలని ఆడలేదు. అయినా అది అబద్ధమే కదా.

గుణుపురం మాస్టారు:

అమ్మా, అది నీ ఒక్కదాని తప్పు కాదు. మధుమేహం నయమవుతుందని మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. పై వాళ్లు అందుకే ఆ మాటను డబ్బా మీద అచ్చువేయకుండా నీ నోటితో పలికిస్తారు. అచ్చువేస్తే దొరికిపోయేది కంపెనీ, నోటితో చెబితే దొరికేది నువ్వు.

రాయగడ డిస్ట్రిబ్యూటర్:

కాశీనగర్ చెల్లెమ్మ రాసినది చదివాక వెంటనే జవాబు రాయలేకపోయాను. షుగరు మాట నేను ఏనాడూ చెప్పలేదు గానీ, నా లైనులో, అంటే నా కింద చేరినవాళ్లలో, చెప్పినవాళ్లు ఉన్నారని తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

ఖర్చు దాచడం గురించి మాస్టారు అన్నది ఒప్పుకుంటున్నాను. నా పోయిన నెల లెక్క ఇదిగో: కమీషను 6,840, సొంత కొనుగోళ్లు 2,200, తిరుగుళ్లు 900, మిగిలింది 3,740. ఇది నేను స్టేటస్‌లో పెడితే ఏమవుతుందో కూడా చెబుతాను. నిరుడు దాదాపు ఇలాగే చెప్పి ఇద్దరిని కూర్చోబెట్టాను. వారం తిరక్కముందే వాళ్లిద్దరూ లక్షల చెక్కు చూపించిన విజయనగరం లీడరు కింద చేరారు. నిజం చెప్పినవాడి సరుకు కొట్లోనే ఉండిపోతుంది. కాబట్టి సగటు డిస్ట్రిబ్యూటరుకు ఖర్చులు పోను ఎంత మిగులుతుందో కంపెనీయే తెలుగులో, ఒడియాలో అచ్చువేసి, చేరే కాగితంతో పాటు ఇవ్వాలి. ఒక్కడినే నిజాయితీగా ఉండమనడం ఆ ఒక్కడిని ఆకలికి వదిలేయడమే.

గుణుపురం మాస్టారు:

అచ్చువేయాలన్న మాటకు నా ఓటు మీకే. ఒక్క ప్రశ్న మిగిలింది. మీ దగ్గర కొనే 40 ఇళ్లలో ఎన్ని ఇళ్లవారి పేర్లు మీ కింద లేవు? హెర్బలైఫ్ అనే ఇలాంటి కంపెనీ 2016లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య నియంత్రణ సంస్థతో (ఎఫ్‌టీసీ) రాజీ పడి 20 కోట్ల డాలర్లు చెల్లించినప్పుడు, చెల్లింపులు అసలైన అమ్మకాలను బట్టే ఉండాలన్న షరతుకు ఒప్పుకోవలసి వచ్చింది. అక్కడ తేలవలసి వచ్చింది కూడా ఇదే.

రాయగడ డిస్ట్రిబ్యూటర్:

పదకొండు. మిగతా 29 ఇళ్లవారు నా కింద చేరినవాళ్లే. అయితే వారిలో చాలామంది తగ్గింపు ధర కోసమే పేరు రాయించుకున్నారు, ఎవరినీ చేర్చలేదు, చేర్చమని నేను అడగలేదు కూడా. వాళ్లను మీరు కొనుగోలుదారులు అంటారా, డౌన్‌లైన్ అంటారా అన్నది మీ ఇష్టం. నేను కొనుగోలుదారులనే అంటాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఇదంతా అక్క కొడుక్కి చదివి వినిపించాను. ఆ స్టేటస్ ఎప్పుడో పోయింది, ఈ నెల మళ్లీ పెట్టనన్నాడు. ఖర్చులు కూడా కలిపి పెట్టరా అంటే మాత్రం "పిన్నీ, పైవాళ్లు లైనులోంచి తీసేస్తారు" అన్నాడు. మా వీధిలో చేరిన కుర్రాడి తల్లికి, మొదట నన్నడిగిన ఆవిడకు, కబురు పెట్టి 3,400 సంగతి చెప్పాను, పుస్తకం కూడా చూపించాను. మాస్టారు చెప్పిన గడువు ఇంకా ఉందో లేదో చూడాలి. చేరిన కాగితం తీసుకుని రేపు పొద్దున్న వస్తానంది. అందులో ఇంగ్లీషు తప్ప ఇంకేమీ లేదట, మాస్టారూ. వచ్చాక ఫొటో తీసి మీకు పంపుతాను.