చెరువులో పిల్ల చేపల వేటను ఎలా ఆపాలి?

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్ శివారులో మత్స్య సహకార సంఘం. రవ్వ, బొచ్చె అరకిలో కూడా తూగకముందే సన్నకన్ను వలలతో పట్టేస్తున్నారు. మృగశిర కార్తెకు రాంనగర్ మార్కెట్‌లో గిరాకీ పెరిగితే మరీ ఘోరం. ఎర్రటి పిల్లల గుంపును కాస్తూ తిరిగే కొరమీనునూ వదలరు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కెనడాలో కాడ్ చేపను ఇలాగే తోడేసి 1992లో వేట ఆపాల్సొచ్చింది. దశాబ్దాలు గడిచినా మునుపటిలా పెరగలేదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేట నిషేధం.

మా చెరువుకూ విరామం పెడదామంటే, ఆ రోజుల్లో సభ్యుల ఇల్లు గడిచేదెలా అని టెన్షన్. వల కన్ను సైజుపై తీర్మానం చేసి నిలబెట్టుకున్న సంఘాలున్నాయా? జరిమానా పనిచేసిందా, వంతుల కాపలానా? దయచేసి చెప్పండి.