టీటీకి కాయిలోవర్లు వేయించాలా? ట్రాక్ మీద ముక్కు బయటికి పోతోంది

రుషికొండ_టీటీ:

అన్నలూ, ఒక సలహా కావాలి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నాది 2012 మోడల్ ఆడి టీటీ, 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ క్వాట్రో. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 64 వేలు తిరిగింది. మాగ్నెటిక్ రైడ్ (గట్టిదనం దానంతటదే మార్చుకునే షాకర్లు) లేదు, మామూలు షాకర్లే, బండితో వచ్చినవే ఇంకా ఉన్నాయి. రోజూ ఆఫీసుకి మా ఆవిడ స్విఫ్ట్‌లో పోతాను, టీటీ శని, ఆదివారాలకే బయటికి తీస్తాను. పోయిన నెల మొదటిసారి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లాను. మన వైజాగ్ నుంచి పోనూ రానూ పదహారు వందల కిలోమీటర్లు పైనే, అక్కడ ట్రాక్ మీద తిరిగింది మాత్రం నాలుగు సెషన్లు, సెషన్‌కి ఆరు ల్యాపులు, అంటే వంద కిలోమీటర్లు కూడా కాదు. మా ఆవిడకి ఈ లెక్క చెప్పలేదు.

మూడో సెషన్ నుంచి కారు మాట వినడం మానేసింది. కుడి మలుపులోకి వెళ్లేటప్పుడు బ్రేక్ వదిలి స్టీరింగ్ తిప్పితే మొదట సరే అంటుంది, మలుపు సగానికి వచ్చేసరికి ముక్కు బయటికి పోతుంది, ఇంకా తిప్పితే టైర్లు అరుస్తాయే తప్ప కారు తిరగదు. ఒక పోలో కుర్రాడు నా వెనకే ప్రతి మలుపులో అతుక్కుని వచ్చి, స్ట్రెయిట్‌లో నేను దారి ఇవ్వగానే దాటేసి చెయ్యి కూడా ఊపాడు. ఆ చెయ్యి నాకు ఆ రాత్రి కలలోకి వచ్చింది. పైగా కారు బాగా ఒరుగుతోంది, పక్క సీట్లో ఉన్న మా బావమరిది తలుపు పట్టుకున్నవాడు పిట్‌లోకి వచ్చేదాకా వదల్లేదు.

బడ్జెట్ రెండున్నర లక్షలు. కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకర్ల సెట్, వేయిద్దామని ఉంది, బిల్‌స్టీన్ బీ14 వేయించాలా, కేడబ్ల్యూ వీ3 వేయించాలా? ఎలాగూ వేస్తున్నాం కాబట్టి ఒక 40 మిల్లీమీటర్లు దించేద్దాం అనుకుంటున్నాను, చూడ్డానికీ బావుంటుంది. కానీ ఆ కారులోనే ఇంటికి రావాలి, మా వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఒకటి ఉంది, అది స్పీడ్ బ్రేకర్ కాదు, సింహాచలం కొండ.

కొత్త_బీమర్:

వీ3 వేసెయ్ బ్రో, ఆలోచించకు. షాకర్ నొక్కుకునేటప్పుడు (కంప్రెషన్), తిరిగి లేచేటప్పుడు (రీబౌండ్) ఎంత గట్టిగా ఉండాలో రెండూ విడివిడిగా తిప్పుకోవచ్చు. బీ14లో ఎత్తు మార్చుకోవడం తప్ప డ్యాంపింగ్, అంటే ఆ గట్టిదనం, మార్చడానికేమీ ఉండదు. ఒకసారి ఖర్చు పెట్టి ప్రశాంతంగా ఉండు.

పాత_ట్రాక్_పిచ్చి:

తమ్ముడూ, ఆర్డర్ పెట్టకముందే ఇది చదువు. కొత్త_బీమర్ చెప్పినవి తప్పు కాదు, వీ3 మంచి వస్తువే. కానీ నువ్వు ఇంకా జబ్బేంటో చూడకుండానే మందు అడుగుతున్నావు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. ఉన్న డబ్బంతా కాయిలోవర్ల మీద పెట్టి, అరిగిపోయిన టైర్లతో ట్రాక్‌కి వెళ్లి, ముందుకంటే నెమ్మదిగా తిరిగి వచ్చాను.

ముందు ఆ 40 మిల్లీమీటర్ల సంగతి. టీటీకి ముందు వైపు మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాకర్ కలిసి ఉన్న ఒకే నిలువు కాడ. పక్కన కూర్చుని చూడు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి కారుకి కలిపే చెయ్యి) మామూలు ఎత్తులో చక్రం వైపుకి కొంచెం కిందికి వాలి ఉంటుంది. కారుని బాగా దించితే ఆ ఆర్మ్ అడ్డంగా వచ్చేసి, ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడేమవుతుందంటే, కారు బరువు మధ్యబిందువు ఒక అంగుళం దిగితే రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. కారుని ఒరగదీసే మీట పొడవు ఈ రెండింటి మధ్య దూరమే. ఆ దూరం పెరిగిందంటే, దించిన కారు అదే స్ప్రింగుల మీద ముందుకంటే ఎక్కువ ఒరుగుతుంది! కిందికి దిగితే ఒరగడం తగ్గుతుందని అందరం అనుకుంటాం, స్ప్రింగ్ గట్టిది కాబట్టి తగ్గినట్టు అనిపిస్తుంది కూడా. పైగా షాకర్ పైకీ కిందికీ కదలడానికి చోటు ఉండదు, వెళ్లి బంప్ స్టాప్ (చివర్న ఉండే రబ్బరు అడ్డు) మీద కూర్చుంటుంది, మలుపు మధ్యలో కూర్చుందా, ముక్కు ఒక్కసారిగా బయటికి పోతుంది. వేస్తే 20, మహా అయితే 25 దించు, అంతకు మించొద్దు.

రెండోది, ముక్కు బయటికి పోవడానికి అసలు కారణం కాంబర్ అని నా అనుమానం. కాంబర్ అంటే చక్రం పక్కకి వాలే కోణం, పైభాగం లోపలికి వాలితే మైనస్. టీటీ ముందు బరువున్న కారు, ఇంజను అంతా ముందు ఇరుసు మీదే. మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌తో చిక్కు ఏంటంటే, కారు ఒరిగినప్పుడు బయటి చక్రం నేలకి సరిపడా లోపలికి వాలదు, కాబట్టి టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. టైరు మొత్తం వెడల్పుకి నువ్వు డబ్బులిచ్చావు, పని చేసేది మాత్రం బయటి రెండు వేళ్ల మేర. ఇంకా కంపెనీ నుంచి వచ్చిన ముందు కాంబర్‌ని ఈ కారులో పెద్దగా మార్చడానికి వీల్లేదు. వెనక మాత్రం కాంబర్, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) రెండూ మార్చుకోవచ్చు.

అందుకని మూడు పనులు చెయ్యి, ఖర్చు దాదాపు సున్నా. ముందు టైర్లు చేత్తో తడుము, బయటి అంచు ఒకలా, లోపలి అంచు ఒకలా ఉందా? టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తులుంటాయి, అరుగుదల ఆ గుర్తు దాటి పక్క గోడ మీదికి వెళ్లిందా చూడు. ఈసారి ట్రాక్‌కి వెళ్తే భుజం మీద చాక్‌పీసుతో అడ్డంగా గీత గీసుకో, రెండు ల్యాపులకే ఎక్కడిదాకా చెరిగిందో కనిపిస్తుంది. రెండోది, గాలి ఎంత పెట్టావో చెప్పు. మూడోది, చివరిసారి చేయించిన అలైన్‌మెంట్ ప్రింటవుట్ ఉంటే అంకెలు ఇక్కడ పెట్టు. "అంతా గ్రీన్‌లో ఉంది సార్" అనే మాట కాదు, అంకెలు.

రుషికొండ_టీటీ:

అన్నా, ఇప్పుడే పార్కింగ్‌లోకి దిగి చూసి వచ్చాను. వాచ్‌మన్ వచ్చి ఏం పోయింది సార్ అని టార్చి కూడా వేశాడు.

ఎడమ ముందు టైరు బయటి అంచు గరుకు కాగితంలా ఉంది, వేలు ఒకవైపు రాస్తే నున్నగా, ఇంకోవైపు రాస్తే గుచ్చుకుంటోంది. త్రికోణం పూర్తిగా చెరిగిపోయింది. లోపలి సగం కొత్తదాన్లా ఉంది. కుడి ముందుది కూడా అరిగింది గానీ అంత కాదు. టైర్లు 245/40 ఆర్18. గాలి పెట్రోల్ బంకులో 36 పెట్టించాను, అన్నిటికీ ఒకటే. ట్రాక్ మీద వేడెక్కాక చూడలేదు, చూడాలని కూడా తెలీదు.

ప్రింటవుట్ దొరికింది. ఇక్కడే ఒక షాపులో చేయించాను, అవును అన్నా, అచ్చం అదే మాట అన్నారు, గ్రీన్‌లో ఉంది సార్ అని. ముందు ఎడమ కాంబర్ మైనస్ 0.3, ముందు కుడి మైనస్ 0.9. టో దాదాపు సున్నా. వెనక రెండూ మైనస్ 1.4 దగ్గర.

ఇంకోటి, బ్రేక్ గట్టిగా కొట్టి వదిలేటప్పుడు ఎడమ వైపు నుంచి టక్ అని ఒక చిన్న చప్పుడు వస్తుంది. పాత కారు కదా అని పట్టించుకోలేదు.

పాత_ట్రాక్_పిచ్చి:

దొరికింది చూశావా. ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, కాబట్టి బరువంతా ఎక్కువసేపు ఎడమ ముందు చక్రం మీదే. అదే చక్రానికి నీ కారులో అన్నిటికంటే తక్కువ కాంబర్. ఆ షాపు వాళ్ల గ్రీన్ అంటే "పరిమితి లోపల ఉంది" అని, అంతే, రెండు వైపులా సమానంగా ఉందని కాదు.

ఎడమకీ కుడికీ ఇంత తేడా ఉందంటే సబ్‌ఫ్రేమ్ (రెండు లోయర్ ఆర్మ్‌లూ బిగించే కింది ఫ్రేమ్) ఒక పక్కకి జరిగి ఉండొచ్చు. ఎప్పుడో క్లచ్ పనికో ఇంకో పనికో కిందికి దించి, మళ్లీ ఎక్కించేటప్పుడు సరిగ్గా మధ్యలో పెట్టి ఉండరు. బోల్టులు వదులు చేసి అటు జరిపితే ఎడమకి పెరిగినంత కుడికి తగ్గుతుంది, రెండూ మైనస్ 0.6 దగ్గరికి వస్తాయి. ఖర్చు లేబర్ మాత్రమే. ఆ తర్వాత పైన కాంబర్ ప్లేట్లు (స్ట్రట్ పై కొసని లోపలికి జరిపేవి) వేస్తే మైనస్ 1.8 దాకా లాగొచ్చు. రోడ్డు మీద టైరు లోపల అరిగిపోతుందని భయపడకు, టైర్లని తినేది ఎక్కువగా టో, కాంబర్ ఒక్కటే అంత తినదు.

గాలి కూడా ఎక్కువైంది. చల్లగా 36 అంటే ట్రాక్ మీద 42 దాటి ఉంటుంది, టైరు నడుమే ఉబ్బిపోతుంది. పొద్దున్నే చల్లగా 30 పెట్టి, పిట్‌లోకి రాగానే కొలిచి, వేడి మీద 35, 36 దగ్గర ఉండేలా కొంచెం కొంచెం వదులు. నీ సొంత గేజ్ కొనుక్కో, బంకు గేజ్‌ని నమ్మకు.

గాజువాక_స్పానర్:

గురూ, ఆ టక్ చప్పుడు వదిలెయ్యకు. లోయర్ ఆర్మ్ వెనక బుష్ (ఆర్మ్ కీలు దగ్గర ఉండే రబ్బరు) చిరిగినట్టుంది, ఈ వయసు బళ్లలో నేను ఎక్కువగా చూసేది అదే. లిఫ్ట్ మీద ఎక్కించి ఒక పొడుగాటి రాడ్డు పెట్టి ఆర్మ్‌ని అటూ ఇటూ తోస్తే, రబ్బరు నోరు తెరిచినట్టు పగులు కనిపిస్తుంది. బ్రేక్ కొట్టినప్పుడు ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, చక్రం దిశ దానంతటదే మారిపోతుంది, ఇక అలైన్‌మెంట్ ఎంత బాగా చేసినా అది ఆగి ఉన్న కారుకే.

మార్పించేటప్పుడు ఒక్క మాట మెకానిక్‌కి గట్టిగా చెప్పు. బుష్ బోల్టు చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దించగానే రబ్బరు మెలిపడి ఉంటుంది, ఆరు నెలల్లో మళ్లీ చిరుగుతుంది. మన దగ్గర ఎవరికీ ఇంత ఓపిక ఉండదు, పక్కనే నిలబడి చేయించుకో.

కాయిలోవర్లు నిజంగానే వేస్తే మాత్రం, మనది సముద్రం ఊరు అని గుర్తు పెట్టుకో. బీచ్ రోడ్డు మీద ఆగిన బండి థ్రెడ్లు ఉప్పుగాలికి పట్టేస్తాయి, రెండేళ్లకి ఎత్తు మార్చుకుందాం అనుకుంటే కాలర్ (ఎత్తు మార్చే రింగు) కదలదు. నెలకోసారి మంచినీళ్లతో కడిగి, బ్రష్ కొట్టి, గ్రీజు రాయాలి. రాసేవాళ్లని నేనైతే ఇంతవరకు చూడలేదు.

బ్రేక్ ఫ్లూయిడ్ కూడా మార్చు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మన ఊరి గాలిలో తేమకి తక్కువేముంది! ట్రాక్ మీద పెడల్ మెత్తబడి నేలకి తగిలితే ఏ షాకరూ కాపాడదు.

కాగితాల_మనిషి:

మజాకి అడ్డం పడుతున్నానని అనుకోవద్దు. మామూలు మోటార్ ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటివాటికి కవర్ ఉండదు, "వాడకం పరిమితులు" అనే చోట చిన్న అక్షరాల్లో ఉంటుంది, తీసి చదవండి. ఇక మార్పుల సంగతి, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయడం కుదరదని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అది. బుష్‌లు, షాకర్లు అదే రకం కొత్తవి వేయడం రిపేరు. దించడం, స్ప్రింగులు మార్చడం వేరే సంగతి. పాత భాగాలు అమ్మేయకుండా దాచుకోండి.

కొత్త_బీమర్:

సరే, బుష్ వేయించాక తెల్లవారుజామున భీమిలి రోడ్డు మీద ఒక రౌండ్ వేసి చూద్దామా?

పాత_ట్రాక్_పిచ్చి:

వద్దు. ఆ టైముకి అక్కడ నడకకి వచ్చినవాళ్లు, చేపల బుట్టలతో వెళ్లేవాళ్లు ఉంటారు. నీ కాంబర్ వాళ్లకెందుకు.

రుషికొండ_టీటీ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి సారీ.

గాజువాక అన్న చెప్పినట్టే అయింది. ఎడమ ఆర్మ్ వెనక బుష్ సగానికి పైగా చిరిగిపోయింది, రాడ్డు పెట్టి తోస్తే పగులులో నా చిటికెన వేలు కొస దూరింది. కుడిది బాగానే ఉంది గానీ రెండూ మార్పించాను. బిగింపు దగ్గర పక్కనే నిలబడ్డాను, మెకానిక్ మొదట చిరాకు పడ్డాడు, తర్వాత టీ తెప్పించాడు. సబ్‌ఫ్రేమ్ నిజంగానే జరిగి ఉంది, బోల్టు చుట్టూ పాత వాషర్ ముద్ర పక్కకి కనిపించింది. ఇప్పుడు ఎడమ మైనస్ 0.6, కుడి మైనస్ 0.7. కాంబర్ ప్లేట్లు ఆర్డర్ పెట్టాను. ముందు వైపు నొక్కి వదిలితే కారు వెంటనే ఆగకుండా ఊగుతోంది, అందుకే ముందు షాకర్లు కూడా అదే రకం కొత్తవి చెప్పాను, ఎత్తు మార్చట్లేదు. వెనక కొంచెం లావు యాంటీ రోల్ బార్ (కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) వేస్తే ముక్కు ఇంకా తిరుగుతుందంటున్నారు, అది వానలో వెనక జారుతుందేమో అని ఆపాను, ముందు ఇది చూస్తాను.

అన్నీ కలిపి బడ్జెట్‌లో సగం కూడా కాలేదు. మిగిలిందాంట్లో ముందు రెండు టైర్లు, ఒక గేజ్ కొన్నాను. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. చాక్‌పీసులు మా అమ్మాయి డబ్బాలోంచి తీశాను, పింక్‌వే మిగిలాయి. బావమరిది మాత్రం ఈసారి పెళ్లి ఉందన్నాడు, ఎవరిదో చెప్పలేదు.