పిల్లల అవార్డు సభలో గెలిచినవాళ్ల మీద స్లైమ్ పోయొచ్చా? పూలతో సరిపెట్టాలా?

కమిటీ కుర్చీ:
విశాఖలో పిల్లల కళలకు అవార్డుల సభ. నాట్యం, మిమిక్రీ, ఏకపాత్రాభినయం, షార్ట్‌ఫిల్మ్ నటన, అన్నీ కలిపి 24 విభాగాలు, ఒక్కోదాంట్లో ముగ్గురేసి. సిరిపురం వైపు ఏసీ హాలు. నికెలోడియన్ అనే అమెరికా పిల్లల టీవీ ఛానెల్ ఇచ్చే కిడ్స్ ఛాయిస్ అవార్డుల్లోలా మొదటి బహుమతి వచ్చినవాళ్ల మీద ఆకుపచ్చ స్లైమ్, అంటే జిగటగా జారే చిక్కటి ద్రవం, గుమ్మరిద్దామని కమిటీలో కుర్రాళ్ల పట్టు. శాలువా, పూలు చాలని పెద్దల మాట. ఎటు మొగ్గాలో కారణాలతో చెప్పండి.

గజ్జెల పెట్టె:
వద్దు. పిల్ల ఒంటి మీద ఏముందో ముందు చూడండి. కూచిపూడి పిల్ల అయితే అద్దె పట్టు డ్రెస్సు, గిల్టు నగలు, సవరం, పూలజడ. మామూలు జరీ తడిస్తే నల్లబడుతుంది. గజ్జెలు తోలు పట్టీకి కుట్టి ఉంటాయి. ఆ తోలు తడిసి ఆరితే బిర్రబిగుస్తుంది, దారాలు తెగుతాయి. పాన్‌కేక్ మేకప్, కాటుక కరిగి కళ్లలోకి దిగితే బహుమతి అందుకున్న పిల్ల ఫొటోలో ఏడుస్తూ కనిపిస్తుంది. డ్రెస్సు మీద ఆకుపచ్చ మరక పడిందా, అడ్వాన్సు వెనక్కి రాదు. సరదా కమిటీది, ఖర్చు తల్లిదండ్రులది!

తెరవెనక:
డ్రెస్సు మార్పించాక పోయొచ్చు కదండీ. తెలియక పోస్తేనే ప్రమాదం. బజారులో దొరికే జిగురు, బోరాక్స్ స్లైమ్ జోలికి మాత్రం అస్సలు పోకండి. కళ్లు మండుతాయి, చర్మం కందుతుంది, జుట్టుకు అంటుకుంటే ఓ పట్టాన వదలదు.

తలమీద పోసేదానికి వంటగది సరుకే వాడాలి. 10 లీటర్లకు అర కిలో కార్న్‌ఫ్లోర్. దాన్ని లీటరు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న 9 లీటర్ల నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ కలియబెట్టాలి. చిక్కబడి కాస్త మెరుపు రాగానే దించెయ్యాలి. తినే ఆకుపచ్చ రంగు రెండు టీస్పూన్లు చాలు, ఎక్కువైతే గోళ్లలో, చెవుల వెనక రెండు రోజులు నిలుస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది రెండు చోట్ల. ఒకటి, ఉడికించకుండా పచ్చిపిండినే చిక్కగా కలిపి పొయ్యడం. అది చేత్తో తిప్పితే జారుతుంది, దెబ్బ తగిలితే గట్టిపడుతుంది, పైనుంచి పడితే ముద్దలా తగులుతుంది. రెండోది, పైన చల్లారిందని వేలు పెట్టి చూసి ఊరుకోవడం. పెద్ద గిన్నెలో నడిమధ్య గంటల తరబడి వేడిగానే ఉంటుంది. వెడల్పు బేసిన్లలోకి సర్ది, అడుగుదాకా కలిపి చూసి, మీగడలా కట్టిన పొరను జల్లెడలో తీసెయ్యాలి. పిల్లకు రెండు లీటర్లకు మించొద్దు, తలకు అడుగు ఎత్తు నుంచే వొంపాలి. బకెట్టంతా పైనుంచి కుమ్మరిస్తే 10 కిలోల బరువు మెడ మీద పడుతుంది.

ఉప్పుగాలి:
వంట బాగానే చెప్పారు, నేల సంగతేటి? ఉడికిన గంజి స్టేజి చెక్క మీద పడితే నూనె పడ్డట్టే. దాని మీద ఉత్తి కాళ్ల పిల్లలు! 20 అడుగుల టార్పాలిన్ పరిచి అంచులన్నీ టేపు వెయ్యాలి. లేకపోతే ఆ అంచుకే కాలు తగులుతుంది. స్టేజి నేలలో ప్లగ్గు డబ్బాలుంటాయి, వాటికి కరెంటు ఆపించాలి. కాలర్ మైకు ముందే తీసెయ్యాలి. తడిసిన పిల్లను ఏసీలో కూర్చోబెడితే వణుకు. ఒక్కో పిల్ల తల కడగడానికి పది నిమిషాలు పడుతుంది. 24 మందికి రెండు బాత్రూములంటే రెండు గంటలు.

ఇదంతా తప్పించుకోవడానికి బీచ్ రోడ్డులో ఆరుబయట పెడదామని ఎవరో అంటారు చూడండి. సాయంత్రం సముద్రపు గాలికి స్లైమ్ పక్క కుర్చీల మీదకు పోతుంది. కాగితపు ముక్కలు పేల్చారో, ఇసుకలోంచి ఏరడం ఎవరి తరమూ కాదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా. హాల్లో పేల్చినా మెరుపు రేకువి కొనకండి, ప్లగ్గుల్లో, లైట్ల స్టాండుల్లో చిక్కుకుంటాయి. రంగు టిష్యూ కాగితాలు చెమట ఒంటికి అంటి రంగు దిగుతాయి. అలంకరణకు థర్మాకోల్, బెలూన్లకు ప్లాస్టిక్ పుల్లలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. బ్యానరు 100 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్కయితే అదీ అంతే.

కోల్డ్ పైరో:
స్లైమ్ ఎందుకండీ, నిప్పురవ్వలు చిచ్చుబుడ్డిలా పైకి చిమ్మే స్పార్కులర్ మెషీన్లు పెట్టండి. చల్లటి నిప్పు, పొగ ఉండదు.

తెరవెనక:
చల్లటి నిప్పని ఎవరు చెప్పారండీ? పేరులోనే ఉంది చలవ. లోపల కాలేది టైటానియం పొడి. గొట్టం మూతి దగ్గర బాగా వేడిగా ఉంటుంది. పది అడుగుల లోపు జార్జెట్ వోణీ, నైలాన్ గౌను ఉండకూడదు. ఏడేళ్ల పిల్లల్ని ఆ గీత దాటకుండా ఎవరు ఆపగలరు?

ఆకుపచ్చ బకెట్:
అసలు విషయం ఎవరూ ఎత్తలేదు. కిడ్స్ ఛాయిస్ అవార్డులు 1988 నుంచి ఆ పేరుతో జరుగుతున్నాయి. అక్కడ ఓటు పిల్లలది. తడిసేది ఎక్కువగా పేరుమోసిన తారలు, యాంకర్లు. పెద్దవాళ్లను పిల్లలు ఆట పట్టించడమే అందులో మజా. మన సభలో గెలిచేదే పిల్లలు. వాళ్ల మీదే పోస్తే ఆ తమాషా తలకిందులవుతుంది. నిన్నటిదాకా రిహార్సల్లో తిట్టిన మాస్టారు మీదో, ఒప్పుకుంటే ముఖ్య అతిథి మీదో పోయించండి. బకెట్టు తాడు గెలిచిన పిల్లల చేతికివ్వండి. హాలు పైకప్పు ఎగిరిపోతుంది!

గజ్జెల పెట్టె:
ఇది ఒప్పుకుంటా. ఒక్కసారి, సభ చివర్లో, అతిథికి ముందే చెప్పి, మార్చుకోవడానికి బట్టలు తెమ్మని. గురువుగారి మీద మాత్రం వద్దు. పాదాలకు దండం పెట్టే చోట అది ఆటగా కనపడదు.

లెక్కల మనిషి:
స్లైమా పూలా అని కొట్టుకుంటున్నారు గానీ, 72 మంది పిల్లలు. మనిషికి నిమిషంన్నర, అంటే 108 నిమిషాలు. మూడో బహుమతి పిల్ల స్టేజి ఎక్కేసరికి సగం కుర్చీలు ఖాళీ. రెండు, మూడు బహుమతులవాళ్లను విభాగానికి ఒకేసారి పిలిచి జ్ఞాపికలిచ్చి ఒకే ఫొటో తియ్యండి, అర నిమిషం. మొదటి బహుమతికి నిమిషంన్నర అలాగే ఉంచండి. 48 నిమిషాల్లో తేలిపోతుంది. శాలువాలు పెద్దలకే, ఎనిమిదేళ్ల పిల్లకు కప్పితే కాళ్ల కింద పడి తట్టుకుంటుంది. యాంకరు చేతిలో పేర్ల పట్టీ తెలుగులోనే ఉండాలి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదివితే ఇంటిపేరు ఖూనీ. ఆ ఒక్క క్షణం కోసమే కదా పిల్ల వచ్చింది.

ఉప్పుగాలి:
ఆ మొదటి బహుమతి పిల్లల్ని తప్పెటగుళ్లతో నడిపించుకురండి. మన ఉత్తరాంధ్ర వాయిద్యం, నేల తడవదు, మైకు కూడా అక్కర్లేదు. మూసిన హాలు కాబట్టి నలుగురైదుగురు చాలు, పదిహేనుమందిని పెడితే ముందు వరసలో చంటిపిల్లలు చెవులు మూసుకుంటారు.

కమిటీ కుర్చీ:
స్లైమ్ ఒక్కసారి, ముఖ్య అతిథి మీద, సభ చివర్లో. తప్పెటగుళ్లు రాయించాను. పూలు పూర్ణా మార్కెట్ నుంచి బంతి రేకులు మూడు కిలోలు అనుకుంటున్నాం, సరిపోతాయా?

గజ్జెల పెట్టె:
సరిపోతాయి. తొడిమలు తీయించండి, నీళ్లు మాత్రం చల్లొద్దు. తడి బంతిరేకు కూడా స్లైమ్ లాగే జారుతుంది.