నాన్న ప్రోనోటు, నా చదువు అప్పు, సిప్: ఏది ముందు?

పల్నాడు కుర్రాడు (ఫిబ్రవరి 2025)

అందరికీ నమస్కారం. నా వయసు 27. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చేది 46,000. ఎంబీఏకి తీసుకున్న ఎడ్యుకేషన్ లోను ఇంకా 5,20,000 ఉంది. వడ్డీ 10.25 శాతం, నెలకి 8,700 ఈఎంఐ. గది అద్దె, తిండి, ఇంటికి పంపే 6,000 అన్నీ పోను 12,000 మిగులుతుంది. ఎఫ్‌డీలో 1,30,000 ఉంది. మా టీమ్‌లో అందరూ సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండులో పెట్టే పెట్టుబడి) కడుతున్నారు. ఒకడైతే 45కే రిటైరవుతానని ఎక్సెల్ షీట్ కూడా వేసుకున్నాడు. నేనూ ఏప్రిల్ నుంచి 10,000 మొదలుపెడదామనుకున్నా.

సంక్రాంతికి ఊరెళ్తే కొత్త సంగతి బయటపడింది. నల్ల తామర పురుగు మిర్చిని తుడిచిపెట్టిన ఏడాది పురుగుమందుల కొట్టు బాకీ తీర్చడానికి నాన్న ఊళ్లో ఒకాయన దగ్గర 2 లక్షలు తెచ్చాడట, రెండు రూపాయల వడ్డీకి. 2022 జనవరిలో సంగతి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మధ్యలో ఏమీ కట్టలేదు. ఈ జనవరిలో నోటు తిరగరాశారు. దాని మీద అంకె 3,44,000! నాన్నేమో "తెచ్చింది రెండు లక్షలేరా" అంటాడు.

ఈ అంకె ఎలా వచ్చింది? పెద్ద అప్పు కాబట్టి ముందు ఎడ్యుకేషన్ లోను తగ్గించుకోనా, సిప్ మొదలుపెట్టనా, లేక ఇది తీర్చనా? పైగా అప్పిచ్చినాయన "అబ్బాయికి ఉద్యోగం వచ్చిందిగా, నోటు అబ్బాయి పేరున రాయండి" అంటున్నాడట. టెన్షన్‌గా ఉంది.

సిప్ రాజా

బ్రో, ఎడ్యుకేషన్ లోను వడ్డీకి ఆదాయపు పన్ను చట్టం 80ఈ సెక్షన్ కింద పన్ను మినహాయింపు ఉంది, దాన్ని అలా నడవనివ్వు. సిప్ మాత్రం వాయిదా వెయ్యకు, ఈ వయసులో మొదలెట్టకపోతే కాంపౌండింగ్ (వడ్డీ మీద వడ్డీ) అంతా పోతుంది. ఊరి అప్పులు పెద్దవాళ్లు చూసుకుంటారులే.

రిటైర్డ్ ఫీల్డాఫీసర్

బాబూ, కాంపౌండింగ్ అంటే ఏమిటో మీ నాన్న నోటు మీదే ఉంది, చూసుకో.

2 లక్షలకు నూటికి రెండు చొప్పున నెలకి 4,000. 36 నెలలకి 1,44,000. ప్రోనోటుకి గడువు మూడేళ్లు, అది దాటితే కోర్టులో నిలవదు. అందుకే గడువు ముంచుకొచ్చే వేళకి అప్పిచ్చినాయన గుమ్మంలో ఉంటాడు. రావాల్సిన వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు, కొత్త రెవెన్యూ స్టాంపు, దాని మీద మీ నాన్న సంతకం. ఇక నుంచి వడ్డీ 3,44,000 మీద నడుస్తుంది, నెలకి 6,880. ఇలాగే వదిలేస్తే 2028 జనవరిలో రాసే నోటు 5,91,680కి. ఈ ఏడు మిర్చి ధర చూస్తున్నావుగా, పంట అమ్మి తీరుస్తానన్న మాట నమ్ముకుని కూర్చోకు.

ఇప్పుడు నీ చదువు అప్పు చూడు. 5,20,000 మీద ఈ నెల పడే వడ్డీ 4,440 చిల్లర. పెద్ద అప్పు 4,440 తింటుంటే చిన్న అప్పు 6,880 తింటోంది. నేను ఉద్యోగమంతా పల్లె బ్యాంకు బ్రాంచీల్లోనే చేశాను. ఊళ్లో వడ్డీ రూపాయల్లో చెబుతారు, బ్యాంకులో శాతాల్లో చెబుతారు, రెండూ ఒకే కాగితం మీద రాసి చూసుకునే ఇల్లు అరుదు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. మీ నాన్నది 24. నీది 85 పైసల వడ్డీ, దాని జోలికి ఇప్పుడు వెళ్లకు, ఈఎంఐ తప్పకుండా కడుతూ పో.

రాజా గారి 80ఈ మాటకొస్తే, అది పాత పన్ను విధానంలోనే. ఏప్రిల్ నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్నే లేదన్నారు. నీ జీతానికి కట్టాల్సిన పన్నే లేనప్పుడు మినహాయింపు దేనికి? ఇక 24 శాతం ఏటా ఖాయంగా ఇచ్చే ఫండు ఆయనకి తెలిస్తే నాకూ చెప్పమను, పెన్షన్ డబ్బులు తెచ్చి పోస్తా.

నేనైతే ఇలా చేస్తాను. ఎఫ్‌డీలోంచి 94,000 తీసి నోటుకి కట్టెయ్యి. మిగిలిన 2,50,000కి అమ్మ బంగారం మీద బ్యాంకులో లోను తీసుకుని నోటు మొత్తం తెంచెయ్యి. తొమ్మిది శాతం అనుకున్నా నెలకి 1,875 వడ్డీ. అదే 2,50,000 ఆయన దగ్గర ఉంచితే 5,000. నీకు మిగిలే 12,000 దానికే కడితే రెండేళ్ల లోపే బంగారం ఇంటికొస్తుంది.

నోటు నీ పేరున మాత్రం రాయొద్దు. ఎవరెంత మొహమాటపెట్టినా సరే. తీర్చడం వేరు, బాకీదారుగా సంతకం పెట్టడం వేరు. అసలు సంగతి ఇంకోటుంది. కొత్త నోటు రాసినప్పుడు పాత 2022 నోటు నాన్న వెనక్కి తీసుకున్నాడా? వెంటనే కనుక్కో, లేదంటే ఒకే బాకీకి ఆయన దగ్గర రెండు నోట్లు ఉన్నట్టే.

నాన్నకి కిసాన్ క్రెడిట్ కార్డు ఉందా? 3 లక్షల దాకా పంట రుణం 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. వచ్చే సాగుకి పెట్టుబడి అక్కడ తెచ్చుకోమను. లేకపోతే ఒక నోటు తీర్చేలోపు ఇంకో నోటు పుడుతుంది.

కరీంనగర్ అక్క

తమ్ముడూ, సార్ లెక్క కరెక్టే కానీ బంగారం దగ్గర నాకు ఒప్పుదల లేదు. మా ఇంట్లో రెండు రూపాయల మిత్తి బాకీ తీర్చడానికే అమ్మ పుస్తెలతాడు, గాజులు బ్యాంకులో పెట్టాం. ఏడాదికోసారి రెన్యువల్ అన్నారు. ఆ నెలలోనే నాన్న దవాఖానలో ఉన్నాడు, ఎవరికీ గుర్తు లేదు. నోటీసు పాత ఇంటి అడ్రసుకు పోయింది. వేలం దాకా వచ్చి ఆగింది. నాలుగు నెలలు అమ్మ పెళ్లిళ్లకు పోలేదు, మెడలో ఏముందని అడుగుతారని.

నీకు జీతం ఖాతా ఉంది కదా, పర్సనల్ లోను అడుగు. 14 శాతానికి వచ్చినా 2,50,000కి రెండేళ్లకు ఈఎంఐ 12,000 చిల్లర. ప్రతి నెలా దానంతటదే కట్ అవుతుంది, మరిచిపోయేది లేదు.

ఇంకో మాట. మీ అమ్మానాన్నలకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా? సిప్ కంటే ముందు అది చూడు. ఊళ్లో బాకీలు సగం పంట నుంచి వస్తే, మిగతా సగం దవాఖాన నుంచే వస్తాయి. "చీటీ వేసి ఎత్తుకుని కట్టెయ్" అని ఎవరైనా అంటే రిజిస్టర్ అయిన చీటీ కాకపోతే అటు చూడకు.

పల్నాడు కుర్రాడు

సార్, అక్కా, చాలా థాంక్స్. ఆ 6,880 చూపిస్తే నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బ్యాంకుకి పోతే పది కాగితాలు అడుగుతారు, ఆయన అడగడు కదా" అన్నాడు. పాత నోటు వెనక్కి తీసుకోలేదట సార్. "బీరువాలో ఎక్కడో ఉంది, వెతికిస్తా" అన్నాడట ఆయన. అమ్మ బంగారం పెడదాం అంటోంది. నాకు అక్క చెప్పింది చదివాక భయంగా ఉంది. ఇంకోటి, మూడేళ్ల పీఎఫ్ ఉంది, అది తీసి కట్టొచ్చా?

రిటైర్డ్ ఫీల్డాఫీసర్

పీఎఫ్ ముట్టుకోకు. 8.25 శాతం వస్తోంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీసేస్తే పన్ను లెక్కలోకి వస్తుంది. పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, కాబట్టి ఉద్యోగం మారినా అదే యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) కిందకి మార్చుకుంటూ పో. నీ రిటైర్మెంట్‌కి పునాది ఇప్పటికే పడింది, సిప్ రెండేళ్లు ఆగినా మునిగిపోదు.

అమ్మాయి చెప్పిందాన్ని కాదనను. రెండు దారులకీ తేడా మొత్తం మీద 15,000 దాకా ఉంటుంది. మీ అమ్మకి నిద్ర పట్టదనుకుంటే ఆ 15,000 పోనీ, పర్సనల్ లోనే తీసుకో. ముందస్తుగా కడితే చార్జీ ఉందేమో సంతకానికి ముందే అడుగు.

పాత నోటు గడువు ఈ జనవరితో తీరిపోవాలి. కానీ దాని వెనక ఏదో కొంత ముట్టినట్టు చెల్లు రాసి సంతకం ఉంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. నాన్నని గట్టిగా అడుగు, అలాంటిదేమైనా పెట్టాడేమో. ఇద్దరు పెద్దమనుషుల్ని తీసుకుని వెళ్లు. రెండు నోట్లూ బల్ల మీద పెట్టాకే డబ్బు కదిలించు. పాతది దొరకలేదంటే, ఆ బాకీ కొత్త నోటులో కలిసిందనీ, ఇప్పుడు మొత్తం ముట్టిందనీ తెల్లకాగితం మీద రాయించి ఆయన సంతకం, సాక్షుల సంతకాలు పెట్టించు. నగదు ఇవ్వకు, ఆయన బ్యాంకు ఖాతాకే పంపు. ఖాతాలో వద్దంటాడు, చూస్తూ ఉండు. అప్పుడే ఫిబ్రవరి వడ్డీ వదిలెయ్యమని అడుగు. చాలాసార్లు వదిలేస్తారు.