అప్‌డేట్: వి4కి మారలేదు, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) మార్చాక నా యమహా ఆర్15 వి3 బైక్ బాగైంది

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు నా ఆర్15 వి3 హ్యాండిల్ మలుపుల్లో బిగుసుకుంటోందని, దీన్ని ఇచ్చేసి దీని తర్వాతి మోడల్ వి4 తీసుకోవాలా అని అడిగాను కదా. సమాధానాలిచ్చిన అన్నలందరికీ థాంక్స్.

"ముందు కోన్ సెట్ చూపించు" అన్న సలహానే పనిచేసింది. విజయనగరంలో మెకానిక్ ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని వేలితో మెల్లగా తిప్పమన్నాడు. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి గాడిలో పడినట్టు టక్కున ఆగింది. విప్పితే బాల్ రేసుల (బేరింగు గోళీలు తిరిగే రింగుల) మీద గుంటలు, ఎండిపోయిన గ్రీజు, తుప్పు. కొత్త సెట్ వేసి, పనిలో పనిగా ఫోర్క్ (ముందు సస్పెన్షన్) ఆయిల్ కూడా మార్చాడు. ఇప్పుడు హ్యాండిల్ హాయిగా తిరుగుతోంది. టైర్ల వల్లేమో అని నేను పడ్డ టెన్షన్‌కీ దీనికీ సంబంధమే లేదు.

వి4 కూడా నడిపి చూశాను. బ్రేక్ వేసినప్పుడు ఆ యూఎస్‌డీ (తలకిందులుగా బిగించే) ఫోర్కుల నిలకడ నాకు బాగా నచ్చింది. వానల్లో ఘాట్ ఎక్కేవాళ్లకి చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ మంచిదే. కానీ ఇంజిన్ అదే 155 సీసీ. వీవీఏ (ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వుల కదలికని మార్చేది), స్లిప్పర్ క్లచ్ (గేర్ తగ్గించినప్పుడు వెనక చక్రం బిగుసుకోకుండా చూసేది) నా బండికీ ఉన్నాయి. పికప్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మారితే 300 సీసీ పైబడిన బండికే మారతాను, అప్పటిదాకా ఇదే.